‘రాజీఖుషీతో’ రాసిచ్చిన నగరం: తెలంగాణ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

తెలంగాణ శాసనసభ గౌరవ సభ్యులకు నమస్కారాలు.

నేను దస్తావేజు లేఖరిని. 1987 నుంచి 2021 దాకా హైదరాబాద్ శివారులోని ఒక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ముందు కూర్చుని జనం భూములకు పత్రాలు రాసి పెట్టాను. మొదట్లో చింతచెట్టు కింద బల్ల వేసుకుని స్టాంపు కాగితం మీద చేత్తో రాసేవాణ్ణి. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చిన కొన్నేళ్లకు నేనూ అద్దె గది తీసుకుని ఒకటి పెట్టుకున్నాను. అమ్మకాలు, దానాలు, భాగపంపకాలు, తనఖాలు, జీపీఏలు ఎన్ని రాశానో నా నోటు పుస్తకాల్లో ఉంది. రాసిన ప్రతి పత్రానికీ నంబరు, తేదీ, ఇరుపక్షాల పేర్లు, సర్వే నంబరు ఆ పుస్తకాల్లో ఎక్కించడం నాకు మా గురువు నేర్పిన అలవాటు.

ఈ నగరంలో నేరం ఒక వ్యవస్థగా ఎలా మారిందో తుపాకుల వైపు నుంచి చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కాగితాల వైపు నుంచి చూశాను. మీరు చట్టాలు చేసేవారు, మీదీ కాగితాల పనే. అందుకే ఈ ఉత్తరం పోలీసు కమిషనర్‌కు కాకుండా మీకు రాస్తున్నాను.

మా ప్రాంతంలో అమ్మకం పత్రం రాసే ప్రతి లేఖరికీ ఒక వాక్యం కంఠతా వచ్చు. ‘ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్వస్థచిత్తంతో, నా రాజీఖుషీతో రాసిచ్చిన విక్రయ పత్రం.’ దాని వెంటే ‘మొత్తం సొమ్ము నాకు ముట్టినది’ అని మరొకటి వస్తుంది. ఈ రెండూ లేని పత్రం ఉండదు. నేను రాసిన పత్రాల్లో చాలా వరకు ఆ మాటలు నిజమే. కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకున్న రైతు కళ్లు తుడుచుకుంటూనే ఇష్టపడి సంతకం పెట్టాడు. అబద్ధమని తెలిసి రాసినవి కూడా ఉన్నాయి. ఈ ఉత్తరం వాటి గురించి.

శివారు భూముల ధర ఎకరాల లెక్క వదిలి గజాల లెక్కకు మారుతున్న రోజులు. రెండు వాహనాల్లో వచ్చిన కుర్రాళ్లు ఒక ముసలాయనను నా గదికి తీసుకొచ్చారు. ఆయనది నాలుగెకరాల మెట్ట. పత్రం వాళ్లే తయారు చేయించుకొచ్చారు, ఒకసారి చదివి సరిచూడమన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. ఆయనకు మంచినీళ్లు ఇచ్చారు, టీ తెప్పించారు. అలవాటు ప్రకారం “సొమ్ము ముట్టిందా తాతా?” అని అడిగాను. ఆయన నా ముఖం చూడలేదు. పక్కన నిలబడిన కుర్రాడి చెప్పుల వైపు చూస్తూ “ముట్టింది బిడ్డా” అన్నాడు. నేను హద్దులు సరిచూశాను, సర్వే నంబరులో ఒక తప్పు దిద్దాను, నా రుసుము తీసుకున్నాను. లోపల సబ్ రిజిస్ట్రార్ అదే ప్రశ్న అడిగారు, అదే జవాబు వచ్చింది. సాక్షులిద్దరూ వాళ్ల మనుషులే. స్టాంపు డ్యూటీ పైసాతో సహా కట్టారు. చట్టం కంటితో చూస్తే ఆ పత్రంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ రోజు నేను దిద్దిన సర్వే నంబరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ముఠా నాయకుడు నయీమ్ పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. తర్వాత జరిగిన సోదాల్లో డబ్బు, ఆయుధాలతో పాటు పెద్ద సంఖ్యలో భూమి పత్రాలు దొరికాయని పత్రికలు రాశాయి. ఊరంతా నోట్ల కట్టల గురించి మాట్లాడుకుంటుంటే నా మనసు ఆ పత్రాల దగ్గరే ఆగిపోయింది. అమ్మకం పత్రమైన ప్రతిదానిలోనూ ఆ వాక్యం ఉండే ఉంటుంది. ప్రతిదాన్నీ నాలాంటివాడెవడో రాసి ఉంటాడు.

భువనగిరి నుంచి వచ్చిన ఆ మనిషి చరిత్ర మీకు తెలియనిది కాదు. అతను నక్సలైట్లలో మొదలయ్యాడు. నక్సలైట్లను వేటాడే గ్రేహౌండ్స్ పోలీసు దళాన్ని నిర్మించిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న ఎల్బీ స్టేడియంలో కాల్చి చంపిన కేసులో నిందితుడు. అలాంటి కేసులో నిందితుడైనవాడు కొన్నేళ్లకే పోలీసుల్లో కొందరికి పనికొచ్చే మనిషి అయ్యాడన్న ఆరోపణ రెండు దశాబ్దాల పాటు వినిపించింది. 1999లో భువనగిరి గాయని బెల్లి లలితను చంపి ముక్కలు చేశారు. 2000 నవంబరులో పౌరహక్కుల నాయకుడు పురుషోత్తంను హైదరాబాద్‌లో, 2001 ఫిబ్రవరిలో ఆజం అలీని నల్లగొండలో నరికి చంపారు. ఈ హత్యల వెనుక అతని ముఠా పేరు వినిపించింది. పాట పాడినవారిని, హక్కులు అడిగినవారిని చంపిందని చెప్పిన ముఠాయే తర్వాత ఎకరాలు, ప్లాట్లు రాయించుకుంటోందని బాధితులు చెప్పారు. మొదటి పని చేస్తున్నప్పుడు అతన్ని చూసీ చూడనట్టు వదిలినవాళ్లు, రెండో పని మొదలుపెట్టాక ఆపగలరా? అతని దగ్గర వాళ్ల రహస్యాలూ ఉంటాయి కదా.

ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు. 2017లో కొందరు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు, తర్వాత వారిలో కొందరిని తిరిగి విధుల్లోకి తీసుకున్నారు. అండగా నిలిచిన నాయకులెవరు, వాటాలు ఎవరికి వెళ్లాయి అన్న ప్రశ్నలకు జనానికి పూర్తి జవాబు రాలేదు. అతను చనిపోయాడు కాబట్టి చెప్పలేడు అంటారు. పత్రాలు చనిపోలేదు. ఒక్కో పత్రానికి నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది. రాసిచ్చినవారి ఫోటో, కొన్నవారి ఫోటో, వేలిముద్రలు, సాక్షుల సంతకాలు ఉంటాయి. ఆ తర్వాత అదే భూమి ఎవరి పేరు మీదికి మారిందో ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీస్తే ఒక్క పూటలో తెలిసిపోతుంది.

ఇక నా ఇంటి సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలాకాలం ఆలోచించాను. నా చెల్లెలి భర్త ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. 1996లో నగరానికి తూర్పున 200 గజాల ప్లాటు కొన్నాడు. పత్రం నేనే రాశాను. లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే అంతకు ముందు చేతులు మారిన పత్రాలన్నీ, చూసే రాశాను. డబ్బు కూడినప్పుడు ఇల్లు కట్టుకోవాలని వాళ్ల ఆశ. 2009లో ఒక ఆదివారం వెళ్లి చూస్తే ఆ ప్లాటు చుట్టూ కొత్త ప్రహరీ, లోపల ఒక రేకుల గది, గదిలో కాపలా మనిషి. అతని యజమాని దగ్గరా రిజిస్టరైన పత్రమే ఉంది, వేరే అమ్మకందారుడి నుంచి వచ్చినది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. మా కాగితాలు తిరగేసి “ఇది సివిల్ వ్యవహారం, కోర్టుకు వెళ్లండి” అన్నారు. వకీలు దగ్గరకు వెళ్లాం. ఆయన మంచి మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కింది కోర్టులో పదేళ్లు, అప్పీలులో ఇంకెన్నేళ్లో, ఆ లోపు అవతలివాళ్లు ఇల్లు కట్టి అద్దెకిచ్చుకుంటే మళ్లీ ఇంకో కేసు. మా చెల్లెలు ఆ రాత్రి అన్నం తినలేదు.

అప్పుడు ఒకతను ‘అన్న’ దగ్గరకు వెళ్లమన్నాడు. తీసుకెళ్లింది నేనే.

పెద్ద హాలు. 30 మందికి తక్కువ కాకుండా కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు. వరుస ప్రకారం పిలుస్తున్నారు, వచ్చినవారికి టీ ఇస్తున్నారు. మా ముందు వరుసలో ఖాకీ ప్యాంటు, పైన మామూలు చొక్కా వేసుకున్న మనిషి తన ఇంటి తగాదా తీర్చమని వచ్చి కూర్చున్నాడు. చట్టాన్ని నిలబెట్టే ఉద్యోగం చేసేవాడు కూడా న్యాయానికి ఇక్కడికే వచ్చాడా అని నాకు ఒళ్లు జలదరించింది. మా వంతు వచ్చింది. ఆ మనిషి మా లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటిగా తిప్పాడు, ఈసీ చూశాడు, లేఅవుట్ నకలు చూశాడు. పది నిమిషాలు పట్టలేదు. “మీదే అసలుది. వాళ్లది తర్వాత పుట్టించిన కాగితం” అన్నాడు. నా 34 ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఆ తీర్పు సరైనదే. ఏ కోర్టు అయినా చివరికి అదే చెప్పేది. అతను ఒక్క వారంలో ప్రహరీ పడగొట్టించాడు, కాపలా మనిషిని పంపించేశాడు.

రుసుము 70 గజాలు.

ఆ 70 గజాలకు పత్రం రాసింది నేను. మా చెల్లెలు ఎన్నడూ చూడని ఒక పేరుకు, ‘నా రాజీఖుషీతో’ అని, ‘మొత్తం సొమ్ము నాకు ముట్టినది’ అని రాశాను. ఆమె సంతకం పెట్టి బయటికి వచ్చి, ఆ మనిషి కారు దగ్గరికి వెళ్లి రెండు చేతులూ జోడించింది. నన్ను నేటికీ కలచివేసేది ఆ దండమే. ఆమె బెదిరిపోయి పెట్టిన దండం కాదది. 130 గజాలు మిగిల్చినందుకు నిజమైన కృతజ్ఞతతో పెట్టింది. తర్వాతి ఎన్నికల్లో అదే మనిషి ఒక అభ్యర్థి పక్కన నిలబడి ఆ వీధికి వచ్చాడు. ఆ ఇంట్లోని నాలుగు ఓట్లూ అతను చెప్పిన గుర్తుకే పడ్డాయి. ఆ హాల్లో నేను చూసిన 30 ఇళ్లనూ కలిపి లెక్క వేసుకోండి. ఆ తర్వాత ఏడాదికి ఎన్ని వారాలో వేసుకోండి. మీలో కొందరికి వచ్చిన మెజారిటీలో అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీ మనసుకే తెలియాలి.

ఈ నగరంలో వ్యవస్థీకృత నేరం అమ్ముతున్న సరుకు ఇదే. గంజాయి, బెట్టింగ్, వడ్డీ దందా అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ గిరాకీ ఉన్నది న్యాయానికి. ప్రభుత్వం చేతిలో ఉండాల్సిన సరుకు కొరత పడితే నల్లబజారు పుడుతుంది. ఒకప్పుడు కిరోసిన్‌కు, చక్కెరకు జరిగింది ఇప్పుడు తీర్పుకు జరుగుతోంది. పైగా సెటిల్‌మెంట్ చేసేవాడే ఒక్కోసారి కబ్జా చేయించినవాడు కూడా. ఒక చేత్తో తగాదా పుట్టించి మరో చేత్తో తీరుస్తాడు, రెండు వైపులా రుసుము తీసుకుంటాడు. మా చెల్లెలి ప్లాటు చుట్టూ ప్రహరీ కట్టినవాళ్లకు, దాన్ని కూలగొట్టినవాళ్లకు సంబంధం ఉందా అన్న అనుమానం నాకు తర్వాత వచ్చింది. రుజువు నా దగ్గర లేదు.

ఇందులో నేరస్థుల తెలివి ఎంత ఉందో చట్టంలోని లొసుగు కూడా అంతే ఉంది. చాలామంది చదువుకున్నవారికి కూడా తెలియని సంగతి ఒకటి చెబుతాను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరయ్యేది పత్రం మాత్రమే, యాజమాన్యం కాదు. అమ్మేవాడికి ఆ భూమి మీద హక్కు ఉందో లేదో తేల్చే బాధ్యత సబ్ రిజిస్ట్రార్‌కు లేదు. తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ అధికారం అతనికి లేనే లేదని చెప్పింది కూడా. కాబట్టి ఒకే ప్లాటుకు రెండు పత్రాలు, మూడు పత్రాలు పుట్టడానికి అవకాశం ఉంది. ప్రభుత్వం స్టాంపు డ్యూటీ మూడుసార్లు తీసుకుంటుంది. ఎవరిది అసలుదో మీరే తేల్చుకోండి అని ముగ్గురినీ వీధిలోకి పంపుతుంది. ఆ వీధిలో ‘అన్న’ ఎదురు చూస్తుంటాడు.

2017లో మియాపూర్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. దాదాపు 690 ఎకరాల ప్రభుత్వ భూమి ప్రైవేటు పేర్ల మీద రిజిస్టరైంది. ఎక్కడి భూమినైనా జిల్లాలో మరో కార్యాలయంలో రిజిస్టర్ చేసుకునే వెసులుబాటు అప్పుడు ఉండేది. జనం సౌకర్యం కోసం పెట్టిన ఆ వెసులుబాటు ఎవరికి ఉపయోగపడిందో అప్పుడు బయటపడింది, దాన్ని ఎత్తేశారు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక తహసీల్దారును ఆమె గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు చనిపోయాడు, నిప్పు పెట్టినవాడూ చనిపోయాడు. ఆ ఘోరాన్ని ఏ కారణమూ సమర్థించదు. 2020 ఆగస్టులో కీసర తహసీల్దారు ఒక కోటి 10 లక్షల లంచంతో ఏసీబీకి దొరికాడు. 2021 జనవరిలో హఫీజ్‌పేట భూముల తగాదాలో ఆదాయపు పన్ను అధికారుల వేషంలో బోయినపల్లిలోని ఒక ఇంట్లోకి చొరబడి ముగ్గురు అన్నదమ్ములను ఎత్తుకెళ్లిన కేసులో ఒక మాజీ మంత్రి అరెస్టయ్యారు. కేసులు వేరు, మనుషులు వేరు, అన్నిటి కిందా ఉన్నది మాత్రం ఒక్కటే నేల.

ఇది హైదరాబాద్‌లో నేను కనిపెట్టిన సంగతి కాదు. 1993 మార్చిలో బొంబాయి పేలుళ్ల తర్వాత అప్పటి కేంద్ర హోంశాఖ కార్యదర్శి ఎన్.ఎన్. వోరా నాయకత్వంలో ఒక కమిటీ వేశారు. అక్టోబరులో నివేదిక ఇచ్చింది. 1995 ఆగస్టులో పార్లమెంటు ముందు పెట్టింది కొద్ది పేజీలే. ఆ కొద్ది పేజీల్లోనే అసలు మాట ఉంది. పెద్ద నగరాల్లో ముఠాల ముఖ్య ఆదాయం భూములు, భవనాలను బలవంతంగా ఆక్రమించడం, ఉన్నవారిని వెళ్లగొట్టి చవకగా రాయించుకోవడమని, ఆ డబ్బుతో అధికారులతో, రాజకీయ నాయకులతో పరిచయాలు పెంచుకుంటారని అందులో రాశారు. మాఫియా సమాంతర ప్రభుత్వాన్ని నడుపుతోందన్న హెచ్చరిక కూడా అందులో ఉంది. ముప్పై ఏళ్లు దాటింది.

మన దగ్గర చట్టాలు లేవని కాదు. 1982లోనే ఉమ్మడి రాష్ట్రం భూ ఆక్రమణల నిషేధ చట్టం చేసింది. ప్రాథమిక ఆధారం ఉంటే, తాను ఆక్రమణదారుణ్ణి కాదని నిరూపించుకునే భారం ఎదుటివాడి మీదే పెట్టింది. దేశంలో అలాంటి కఠినమైన ఆలోచన మొదట చేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. దాని కోసం హైదరాబాద్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఉండేది. తెలంగాణ వచ్చాక ఆ న్యాయస్థానాన్ని ఎత్తేసి కేసులను మామూలు కోర్టులకు పంపారు. అప్పటికే అక్కడా ఆలస్యమే, నిజమే. ఆలస్యమవుతున్న ఆసుపత్రికి ఇంకో డాక్టరును ఇస్తారా, ఆసుపత్రినే మూసేస్తారా?

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దాని 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరాన్ని నిర్వచిస్తూ భూ కబ్జాను పేరు పెట్టి చేర్చింది. కనీసం ఐదేళ్ల శిక్ష, ఐదు లక్షలకు తగ్గని జరిమానా. నేను ఆ సెక్షన్‌ను ఒక లేఖరి పత్రం చదివినట్టే చదివాను, హద్దులతో సహా. అందులో ఒక షరతు ఉంది. గత పదేళ్లలో ఆ ముఠా మీద ఒకటికి మించి చార్జిషీట్లు కోర్టు విచారణకు స్వీకరించి ఉండాలి. ఇప్పుడు మా చెల్లెలి స్టేషన్ అనుభవం దగ్గరికి రండి. ‘సివిల్ వ్యవహారం’ అని మొదటి గడపలోనే పంపేస్తే ఫిర్యాదు నమోదు కాదు. నమోదు కానిదానికి చార్జిషీటు ఉండదు. చార్జిషీట్లు లేని మనిషి ఎన్ని వందల ప్లాట్లు మింగినా 111వ సెక్షన్ అతన్ని ముట్టుకోదు. ఇంత పెద్ద చట్టం స్టేషన్‌లోని ఒక్క మాట ముందు ఆగిపోతోంది.

ఆ లోటు పూడ్చడానికి ప్రభుత్వాలు పీడీ చట్టాన్ని, అంటే ముందస్తు నిర్బంధ చట్టాన్ని, వాడుతూ వచ్చాయి. 1986 నాటి ఆ చట్టం కింద విచారణ లేకుండా ఏడాది వరకు జైలులో ఉంచవచ్చు. 2022, 2023, 2024 సంవత్సరాల్లో వరుసగా సుప్రీంకోర్టు తెలంగాణ ఈ అధికారాన్ని వాడుతున్న తీరును తప్పుపట్టింది. నేను కోర్టు పక్షమే. గొలుసు దొంగల మీద, గల్లీ కుర్రాళ్ల మీద ఆ చట్టం పడడం పత్రికల్లో చదివాను. హాల్లో టీ ఇచ్చి తీర్పులు చెప్పే మనుషుల మీద పడిన సందర్భం నా కంటికి కనిపించలేదు. అసలైన కేసు పెట్టి, సాక్షిని కాపాడి, శిక్ష వేయించే ఓపిక లేని చోట నిర్బంధం ఒక అడ్డదారి అయింది. అడ్డదారిలో దొరికేది ఎప్పుడూ చిన్నవాళ్లే.

మీలో సగానికి మించి సభ్యులు తమ మీద కేసులున్నాయని ఎన్నికల అఫిడవిట్లలో స్వయంగా రాసిచ్చారు. వాటిలో తెలంగాణ ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్నందుకు పెట్టినవి ఉన్నాయి. వాటిని నేను గౌరవిస్తాను. భూమి కేసులు, బెదిరింపు కేసులు వేరు, వాటిని ఉద్యమ కేసుల చాటున దాచవద్దు. కేసులున్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు 48 గంటల్లో ప్రకటించాలని, గెలుస్తాడన్నది కారణం కాదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నికల్లో ఆ ప్రకటనలు వెతికి చదివాను. సేవాభావం, ప్రజాదరణ అన్న మాటలే పార్టీ మారినా మారలేదు. మా పత్రాల్లో ‘రాజీఖుషీ’ ఎలాంటిదో అవీ అలాంటివే.

దేశం మార్చి ఇటలీ సంగతి చెబుతాను. సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో లిబెరో గ్రాసీ అనే బట్టల తయారీదారు ఉండేవాడు. ముఠాకు మామూళ్లు కట్టనన్నాడు. 1991 జనవరిలో తనను బెదిరిస్తున్నవాణ్ణి ఉద్దేశించి పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. తోటి వ్యాపారులు అతని పక్కన నిలబడలేదు. ఆగస్టు 29న వీధిలో కాల్చి చంపారు. అంతకు ముందు 1982లో పియో లా తోర్రే అనే పార్లమెంటు సభ్యుడు, మీలాంటి చట్టసభ సభ్యుడే, ముఠా సభ్యత్వాన్నే నేరం చేసి వాళ్ల ఆస్తులను జప్తు చేసే బిల్లు కోసం పోరాడాడు. ఏప్రిల్ 30న అతన్ని చంపారు. సెప్టెంబరు 3న పలెర్మోకు పంపిన జనరల్ దల్లా కియేజాను చంపారు. పది రోజులకే, సెప్టెంబరు 13న, ఆ బిల్లు చట్టమైంది. 1991లో ముఠాల పట్టులోకి వెళ్లిన పురపాలక మండళ్లను రద్దు చేసే చట్టం తెచ్చారు, అప్పటి నుంచి వందలాది మండళ్లు రద్దయ్యాయి. 1996లో జనం లక్షల సంతకాలు సేకరించి అడిగితే, జప్తు చేసిన ఆస్తులను ప్రజల అవసరాలకు ఇచ్చే చట్టం చేశారు. ముఠా నాయకుల పొలాల్లో ఇప్పుడు సహకార సంఘాలు గోధుమలు, ద్రాక్ష పండిస్తున్నాయి. అక్కడ మాఫియా పోలేదు. ఒకప్పుడు దాని పేరు పలకడానికి భయపడిన ఊళ్లో పిల్లలు దాని నుంచి జప్తు చేసిన ఇంట్లో చదువుకుంటున్నారు, నాకు ఆ సంగతే కావాలి.

చెరువుల గురించి ఒక్క మాట. 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి ఆక్రమణలు కూలగొట్టింది. చెరువు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, నోటరీ కాగితం మీద 60 గజాలు కొనుక్కున్న కూలీ ఇల్లు పోయింది. ఆ 60 గజాలు కొలిచి అమ్మినవాడు ఎక్కడున్నాడు? కూల్చివేత జరిగిన ప్రతిచోటా మొదటి అమ్మకందారుడి పేరు వెతికి కేసు పెట్టాలి. ఆ పేరు కాగితం మీద ఉంటుంది. నాలాంటివాళ్లను అడిగితే ఒక్కరోజులో తీసి ఇస్తాం.

నేను అడిగేవి పెద్దవి కావు. నయీమ్ కేసుల ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చినదంతా సభ ముందు పెట్టండి, పేర్లతో సహా. అక్కడ దొరికిన పత్రాల కింద భూమి పోగొట్టుకున్నవారికి తిరిగి ఇప్పించే ఏర్పాటు చేయండి. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 107వ సెక్షన్ నేరపు సొమ్మును జప్తు చేసి బాధితులకు పంచే దారి ఇప్పటికే చూపించింది. బలవంతంగా రాయించిన పత్రాన్ని రద్దు చేయించుకోవడానికి కాలపరిమితి చట్టం మూడేళ్లే ఇస్తోంది. ప్రాణభయంతో పదేళ్లు నోరు విప్పని ముసలాయనకు ఆ మూడేళ్లు ఎప్పుడో అయిపోయాయి. ముఠా చేతిలో చిక్కినవారికి ఆ గడువు సడలించే సవరణ మీరు తీర్మానించి రాష్ట్రపతి ఆమోదానికి పంపండి. భూ ఆక్రమణల ప్రత్యేక న్యాయస్థానాన్ని మళ్లీ తెరవండి, ఈసారి ఒకటి కాకుండా నగరం నాలుగు దిక్కులా. స్టేషన్‌లో ‘సివిల్’ అని పంపేసే ప్రతి అధికారీ ఆ మాట కాగితం మీద కారణంతో రాసి సంతకం పెట్టి ఇవ్వాలని నిబంధన చేయండి. నోటితో చెప్పినంత తేలికగా ఎవరూ సంతకం పెట్టరని నాకు తెలుసు, 34 ఏళ్లు సంతకాల మధ్యే బతికాను.

మా చెల్లెలి భర్త రెండేళ్ల క్రితం పోయాడు. 130 గజాల్లో ఇల్లు కట్టుకున్నారు. పక్కన 70 గజాల మీద ఇప్పుడు మూడంతస్తుల భవనం ఉంది. దాని నీడ మధ్యాహ్నం దాకా మా చెల్లెలి తులసి కోట మీద పడుతుంది. దాని యజమాని పేరు నా పుస్తకంలో ఉంది.

నా దగ్గర అలాంటి నోటు పుస్తకాలు 17 ఉన్నాయి. సభాసంఘం వేసి పిలిస్తే వాటిని తీసుకుని వస్తాను. నేను అబద్ధమని తెలిసి రాసిన, సరిచూసిన పత్రాల నంబర్లకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఉంచాను. మొదటి గుర్తు ఆ నాలుగెకరాల మెట్టది, రెండోది మా చెల్లెలిది. నా మీద ఏ చర్య తీసుకోవాలన్నా తీసుకోండి, అడ్డు చెప్పను. నన్ను పిలిచిన రోజు, ఆ పత్రాల్లో కొన్నవారి వైపు ఉన్న పేర్లను కూడా పిలవండి.

ఇట్లు,
ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి
హైదరాబాద్